వాక్యాన్ని వంటింటిదాకా తెచ్చిన దోర్నకల్ బిషప్ అజరయ్య

ముంబై నుంచి భువనేశ్వర్ వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగే షోలాపూర్, బరంపురం తెలుగువాళ్ళకూ, చెన్నై నుంచి ఢిల్లీ వైపు రైలెక్కే మా తమిళనాడు తెలుగువాళ్ళకూ దారిలో ఒక స్టేషను పేరు కనిపిస్తూ ఉంటుంది. మహబూబాబాద్‌కూ ఖమ్మానికీ మధ్య వచ్చే దోర్నకల్ జంక్షన్ అది. భద్రాచలం రోడ్డు వైపు, అంటే బొగ్గు గనుల వైపు, లైను చీలేది అక్కడే. చాలామందికి అది కిటికీలోంచి చూసి మరిచిపోయే ఊరు.

ఆ ఊరి పేరు వంద సంవత్సరాల క్రితమే లండన్‌లోనూ కలకత్తాలోనూ తెలుసు. కారణం ఒక మనిషి. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. భారతీయుల్లోంచి మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయినవాడు. ఆగస్టు 17 ఆయన పుట్టినరోజు.

మా సంఘంలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు. తెలుగు అనే చుట్టరికంతో కలిసినవాళ్ళం. మరి ఒక బిషప్ గారి గురించి ఈ పేజీలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలు చెప్తాను. మనం తెలుగువాళ్ళమై ఉండి పరాయి భాషల నేలమీద తరతరాలుగా బతుకుతున్నాం. ఆయన తమిళుడై పుట్టి, ముప్పై అయిదో ఏట తెలుగు నేల చేరి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితం ముగించారు. ఇది మొదటి కారణం. రెండోది, గుడిలోనో చర్చిలోనో మసీదులోనో విన్న మంచి మాట ఇంటికొచ్చేసరికి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మనందరికీ ఉంది. ఆ ప్రశ్నకు బతుకంతా జవాబు వెతికిన మనిషి ఆయన.

తిరునెల్వేలి పిల్లవాడు

అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం శైవ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవారు. ఆ పల్లెలోనే చర్చి గురువుగా పనిచేసేవారు. వాళ్ళది నాడార్ కులం. ఆ రోజుల్లో తాటిచెట్లెక్కి కల్లు, నీరా దించడమే ఆ కులంలో ఎక్కువమందికి బతుకుతెరువు. గుళ్ళలోకి వాళ్ళకు ప్రవేశం ఉండేది కాదు. చదువు, వ్యాపారం, సంఘం కట్టుకోవడం, ఈ మూడింటితో ఒక కులం రెండు మూడు తరాల్లో ఎంత లేచి నిలబడిందో ఆయన తన చుట్టాల్లోనే చూశారు. తరవాత దోర్నకల్ గూడేల్లో పనిచేసినప్పుడు ఆ జ్ఞాపకం ఆయనకు చాలా పనికొచ్చి ఉండాలి. మీ బతుకు ఇలాగే ఉండనక్కర్లేదని ఎదుటివాడికి చెప్పాలంటే, మార్పును కళ్ళతో చూసినవాడు చెప్పినప్పుడే ఆ మాటకు బరువుంటుంది.

పదిహేనేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి పెంచింది. మెంజ్ఞానపురంలో, పాళయంకోటలో చదివి, ఆ తరవాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. పట్టా మాత్రం చేతికి రాలేదు. చివరి పరీక్షల వేళ జబ్బు చేసింది. ఆ తరవాత ఆ కాగితం కోసం మళ్ళీ వెళ్ళలేదు. ఉద్యోగమంతా గుమస్తాగా సర్టిఫికెట్లు సరిచూసిన నాకు ఈ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది. డిగ్రీ లేని ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతా తిరిగారు. యువకులను పోగుచేయడం, బైబిలు పాఠాలు చెప్పడం, ఊరూరా సంఘాలు పెట్టించడం ఆ పని. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు అక్కడే ప్రాణస్నేహితుడయ్యాడు. 1898లో అన్బు మారియమ్మాళ్‌ను పెళ్ళాడారు. ఆ కాలంలో కాలేజీ గడప తొక్కిన కొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెళ్ళిలో కట్నం లేదు, ఆర్భాటం లేదు. పెళ్ళిళ్ళకు అప్పులు చేయవద్దని తరవాత పల్లెపల్లెనా చెప్పబోయే మనిషి ముందు తన పెళ్ళిని అలా చేసుకున్నారు.

యాళ్పాణంలో కలిగిన సిగ్గు

1902లో ఆయన సిలోను వెళ్ళారు. యాళ్పాణం, అంటే జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త పని నడుపుకోవడం అక్కడ చూశారు. తిరునెల్వేలిలో క్రైస్తవులు అంతకంటే ఎంతో ఎక్కువమంది. అయినా పాఠశాల కట్టాలన్నా, పంతులుకు జీతమివ్వాలన్నా సముద్రం అవతలి నుంచి వచ్చే డబ్బు వైపే చూసేవారు. ఈ తేడా ఆయనను కుదిపేసింది.

తిరిగొచ్చి ఊరుకోలేదు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడిపేది మనమే అన్నది దాని నియమం. 1905 డిసెంబరులో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో కె.టి. పాల్ మొదలైనవారితో కలిసి దేశమంతటికీ నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు. అది వంగదేశ విభజన జరిగిన సంవత్సరం. స్వదేశీ గాలి దేశమంతా వీస్తున్న రోజులు. ఆ గాలి చర్చిలోకీ వచ్చిందనడానికి ఇదే గుర్తు.

తిరునెల్వేలి సొసైటీ తన మొదటి పనికి నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. అక్కడికి మనుషులను పంపడానికి చందాలు పోగుచేసిన అజరయ్యకు కొన్నాళ్ళకు ఒక ఇబ్బంది ఎదురైంది. ఊరూరా తిరిగి ఇతరులను వెళ్ళమని చెప్పే తాను ఎందుకు వెళ్ళకూడదు? పేరున్న ఉద్యోగం, దేశమంతా పరిచయాలు, విదేశీ ప్రయాణాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ వదిలి 1909లో గురుపట్టం పుచ్చుకుని, భార్యాపిల్లలతో దోర్నకల్ వచ్చేశారు. ఇతరులకు చెప్పిన వాక్యాన్ని ముందు తనకు వర్తింపజేసుకున్నారు. ఆయన తరవాతి ప్రసంగాలన్నిటికీ పునాది ఇక్కడుంది.

తెలుగు నేర్చుకున్న పెద్దమనిషి

తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ఖ, ఘ అసలు లేవు. మన పిల్లలు తమిళ బడిలో చదివి తెలుగు పుస్తకం పట్టుకుంటే ఎక్కడ తడబడతారో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అదే తడబాటు ముప్పై అయిదేళ్ళ మనిషికి, అందునా నలుగురిలో గొప్ప వక్తగా పేరున్న మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. ఇంగ్లీషులోనూ తమిళంలోనూ సభలను కట్టిపడేసినవాడు గూడెంలో చిన్నపిల్లాడిలా మాటలు కూడబలుక్కోవాలి.

ఆయన దుబాసీని పెట్టుకుని కాలం గడపలేదు. తెలుగు నేర్చుకుని తెలుగులోనే బోధించారు, తెలుగులో పుస్తకాలు రాశారు. ఎందుకంటే ఆయన మాట్లాడవలసింది పగలంతా పొలంలో వంగి పనిచేసి వచ్చిన కూలీలతో. వాళ్ళకు అక్షరం రాదు. గ్రంథాల తెలుగు తలకెక్కదు. వాళ్ళ కూడు, గుడ్డ, గొడ్డు, గోద పేర్లతో చెప్తేనే మాట లోపలికి పోతుంది. మనం తమిళంలోనో కన్నడంలోనో ఒరియాలోనో పొరుగువాడి కష్టసుఖాలు మాట్లాడగలిగిన రోజునే ఆ ఊరివాళ్ళమయ్యాం కదా, ఇదీ అంతే.

గూడెంలో దీపం వెలుగులో

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆనాడు ఆ పల్లెల్లో చర్చిలో చేరుతున్నవాళ్ళు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరికి దూరంగా గూడెం. దొరల పొలాల్లో వెట్టి. ఊళ్ళో గొడ్డు చస్తే తీసుకెళ్ళడం వాళ్ళ పని, ఆ మాంసం వాళ్ళ కూలి. జాతరకు డప్పు కొట్టాలి. కల్లు అలవాటు. పెళ్ళికో చావుకో చేసిన అప్పు తాత నుంచి మనవడి దాకా తీరదు.

ఇలాంటిచోట ఆదివారం ఒక గంట ప్రసంగం చెప్పి వెళ్ళిపోతే ఏమవుతుంది? ఆరాధన ముగిశాక మనిషి మళ్ళీ అదే గుడిసెకు, అదే అప్పుకు, అదే కల్లుకుండకు వెళ్తాడు. అజరయ్య ఈ చిక్కును గట్టిగా పట్టుకున్నారు. బైబిలు మాట నిజమైతే దాని ఆనవాలు కుండలో, గుడ్డలో, అప్పుల లెక్కలో, మొగుడూ పెళ్ళాల మాటతీరులో కనబడాలి అన్నది ఆయన పట్టు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లె బతుకును తినే శత్రువులని ఎక్కడికి వెళ్ళినా చెప్పేవారు. ఈ నాలుగింటిలో దేనికీ పరలోకంతో నేరుగా పనిలేదు. అన్నీ ఇంటి గుమ్మం లోపలి సంగతులే.

ఆ పని ఎలా నడిచేదో కొంచెం వివరంగా చెప్పాలి. పల్లెకు ఒక ఉపదేశి ఉండేవాడు. పగలు పిల్లలకు బడి చెప్పేవాడు. పెద్దలు పొలం నుంచి వచ్చి గంజి తాగాక రాత్రి దీపం పెట్టి ప్రార్థన, పాఠం. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకు వెంటనే ఇచ్చేవారు కాదు. నెలల తరబడి నేర్పేవారు. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. చదువు రానివాళ్ళు కాబట్టి అంతా వినికిడి మీద, ప్రశ్న జవాబుల మీద, కథల మీద, కీర్తనల మీద నడిచేది. మన భజన బాణీల్లో పాడే తెలుగు క్రైస్తవ కీర్తనలు అప్పటికే జనంలో ఉన్నాయి. వాటిని ఆయన బాగా వాడుకున్నారు. జాతరలు, కోలాటం లాంటి ఊరి వేడుకలను తీసిపారేయకుండా క్రైస్తవ పండుగలకు మలిచారు.

నోటికి వచ్చిన పాఠం ఒక్కటే చాలదు. చచ్చిన గొడ్డు మాంసం మానాలి. తాగుడు మానాలి. దొంగతనం మానాలి. పసిపిల్లల పెళ్ళిళ్ళు మానాలి. గుడిసె, ఒళ్ళు, గుడ్డలు శుభ్రంగా ఉంచుకోవాలి. ఇవి చెప్పడం తేలిక. చేసేవాడికి వీటి ఖరీదు ఎంతో గమనించండి. గొడ్డు మాంసం మానడమంటే కూడు వదులుకోవడమే, పైగా ఊరితో ఉన్న పాత ఒప్పందాన్ని తెంచుకోవడం. జాతరకు డప్పు కొట్టనంటే ఊరి పెద్దలకు కోపం. ఆదివారం పొలానికి రానంటే ఆ రోజు కూలి పోతుంది, దొర చేతిలో దెబ్బలు తినే ప్రమాదమూ ఉంది. ఒక్కో ఆజ్ఞ వెనక ఒక్కో జగడం కాచుకుని ఉండేది. అయినా వేలమంది ఆ దారిలో నడిచారు.

ఇంకొక పద్ధతి ఉండేది. బాప్తిస్మం పొందినవాడు తన చెయ్యి తన నెత్తిమీద పెట్టుకుని, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలోని ఒక మాటను తన మాటగా చెప్పాలి. ఈ శుభవార్తను పక్కవాడికి చెప్పకుండా ఊరుకుంటే నాకు కీడు అని దాని భావం. అంటే బోధ గురువు ఒక్కడి ఉద్యోగం కాదు. నిన్న చేరిన కూలివాడిదీ, అతని ఇల్లాలిదీ కూడా ఆ బాధ్యత. అక్షరం రానివాడు ఏం ప్రసంగిస్తాడు? అతని మారిన ఇల్లే అతని ప్రసంగం. 1930లలో కొన్ని ఊళ్ళలో శూద్ర కులాలవాళ్ళు కూడా చర్చి వైపు వచ్చారు. గూడెంలో తమ కళ్ళముందే తాగుడు తగ్గి, పిల్లలు బడికి పోవడం చూసి వాళ్ళు వచ్చారని అజరయ్య నమ్మారు.

పిడికెడు బియ్యం

పేదవాడికి ఇచ్చే హక్కు కూడా ఉండాలన్నది ఆయన ఇంకో పట్టు. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంటే మనిషికి నడుం నిలవదు. అందుకే ఇల్లాలు అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం నేర్పారు. ఆదివారం ఆ బియ్యం కానుకగా వచ్చేది. కోతల పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెచ్చేవారు. ఈ విషయం మీద ఆయన రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే పుస్తకం ఇతర దేశాల్లో కూడా చదివారు. యాళ్పాణంలో కలిగిన సిగ్గుకు పల్లె ఇల్లాలి పిడికిట్లో జవాబు దొరికింది. వాక్యాన్ని వంటింటిదాకా తెచ్చారని నేను పైన పెట్టిన పేరుకు అర్థం ఇదే.

వంటింటి మాట వచ్చింది కాబట్టి అన్బు గారి సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. దోర్నకల్‌లో గురువులకు శిక్షణ ఇచ్చే పాఠశాలలో భర్తలతోపాటు భార్యలకూ పాఠాలు ఉండేవి. పల్లెలో గురువు ప్రసంగం వినేది కొద్దిసేపు. గురువు గారి ఇల్లు ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు, ఆ దంపతులు ఎలా మాట్లాడుకుంటున్నారు అన్నది ఊరు రోజంతా చూస్తుంది. ఈ లెక్క బాగా తెలిసిన దంపతులు వాళ్ళు. తల్లుల సంఘాల ద్వారా అన్బు గారు చేసిన పని లేకపోతే ఆయన మాటల్లో సగం గుమ్మం బయటే ఆగిపోయేవి.

దొరల బల్ల దగ్గర

ఆయన వాక్యాన్ని పేదవాడి గుడిసెకే వర్తింపజేసి ఊరుకున్నారనుకోవద్దు. 1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్ళలో అత్యధికులు తెల్లవాళ్ళు. ఆసియా నుంచి వెళ్ళింది వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అక్కడ అజరయ్యను మాట్లాడమన్నారు.

విదేశీ మిషనరీలకూ భారతీయ పనివారికీ మధ్య ఉన్న సంబంధం మీద ఆయన మాట్లాడారు. తోటి భారతీయుడిని ఇంటికి భోజనానికి పిలవని, అతని ఇంటికి వెళ్ళని దొరల సంగతి దాచకుండా చెప్పారు. ప్రేమ గురించి పౌలు రాసిన అధ్యాయం పెళ్ళిళ్ళలో చర్చిల్లో అందరూ చదివేదే. దాన్ని ఆయన ఆ సభలోని పెద్దల భోజనాల బల్ల మీద పెట్టారు. మీరు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ధారపోశారు, మాకు కావలసింది స్నేహం అన్న భావంతో ముగించారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు సిగ్గుపడ్డారు. ఆ ప్రసంగాన్ని చరిత్రకారులు ఇప్పటికీ తలుచుకుంటారు. గూడెంలో కూలివాడిని కల్లుకుండ గురించి అడిగిన మనిషే ఎడిన్‌బరోలో దొరను భోజనం బల్ల గురించి అడిగారు. ఇద్దరికీ వాక్యం ఒకటే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన కోసం నిలబడ్డారు. భారతీయుడి కింద పనిచేయడమేమిటని గొణిగిన తెల్లవాళ్ళున్నారు. ఈయనెలా అవుతారని అడిగిన మనవాళ్ళూ ఉన్నారు. మొదట చిన్న ప్రాంతమే అప్పగించారు. 1920ల మొదట్లో కృష్ణా, కర్నూలు వైపు ప్రాంతాలూ కలిశాయి. ఆయన కాలం ముగిసేనాటికి ఆ డయోసిస్‌లో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. ఇంత పెద్ద పదవిలోనూ ఎద్దుల బండి మీద, సైకిలు మీద పల్లెలు తిరగడం మానలేదు.

దోర్నకల్‌లో కెథెడ్రల్ కట్టడానికి పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. చూసినవాళ్ళకు అది ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చిన చర్చిలా ఉండదు. గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి. లోపలి స్తంభాలు మన గుడి మండపాల తీరు. తామరలు, ఉమ్మెత్త పువ్వులు చెక్కి ఉంటాయి. ఈ నేల మనిషి తన ఇంట్లోకి వచ్చినట్టు లోపలికి రావాలన్నది ఆయన కోరిక.

తీరని జగడాలు

మంచి మాటలే చెప్పి ముగిస్తే అది జీవితచరిత్ర అవదు. 1930లలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చింది. హరిజనులు గుంపులుగా మతం మారడం గాంధీజీకి నచ్చలేదు. వాళ్ళకు మతసిద్ధాంతాలు అర్థం చేసుకునే స్థితి లేదని, మిషనరీలు వాళ్ళ అవసరాన్ని వాడుకుంటున్నారని ఆయన అభిప్రాయం. అజరయ్య ఒప్పుకోలేదు. పేదవాడికి అన్నం అవసరం ఉన్నంతమాత్రాన ఆత్మ లేదనుకోవడం తప్పని, మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి గూడెంలోనూ ఉందని ఆయన వాదన. ఇద్దరూ దేశభక్తులే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని ప్రభుత్వం అన్నప్పుడు, మాకు వద్దని చెప్పిన మనిషి అజరయ్య. ఈ వాదంలో ఎవరిది ఒప్పు అన్నది మన పాఠకుల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. ఒకటి మాత్రం గమనించాలి. ఆయన పని మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. చదువురాని మనిషి కూడా ఒక మాటను విని, తూచి, దాని ప్రకారం తన ఇంటిని మార్చుకోగలడన్నదే ఆ నమ్మకం. అది తప్పని తేలితే ఆయన ముప్పై అయిదేళ్ళ శ్రమకు అర్థమే ఉండదు.

ఆయన గెలవలేని పోరు ఇంకొకటి ఉంది. మాలలు, మాదిగలు ఒకే చర్చిలో చేరారు గాని, ఒకరి గూడెంలో ఒకరు అన్నం తినడానికి, పిల్లనిచ్చి పిల్లను పుచ్చుకోవడానికి ముందుకు రాలేదు. ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుని, బయటికొచ్చి విడివిడి బావుల దగ్గరికి పోయినవాళ్ళున్నారు. కల్లు మాన్పించిన ప్రసంగం కులాన్ని మాన్పించలేకపోయింది. ఆయన చివరిదాకా దానితో పోరాడారు. ఆ జగడం ఆయనతో ముగియలేదని మనకందరికీ తెలుసు. వాక్యం వంటింటిదాకా వెళ్ళింది గాని, విస్తరి దగ్గర ఆగిపోయింది.

చర్చిల మధ్య చీలికలు కూడా ఆయనను బాధపెట్టాయి. ఒకే పల్లెలో రెండు మిషన్లవాళ్ళు రెండు రకాలుగా బోధిస్తే పేదవాడు ఏం తెలుసుకుంటాడన్నది ఆయన ప్రశ్న. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత ప్రయత్నంలో ఆయన ముందు నిలిచారు. దక్షిణ ఇండియా సంఘం, అందరం సి.ఎస్.ఐ. అనే చర్చి, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అది చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. తిరునెల్వేలికి తిరిగి వెళ్ళలేదు.

మన మాట

ఆయన జీవితం చదివాక మా సంఘం పనులే నాకు గుర్తొచ్చాయి. ప్రతి ఉగాదికీ మేమూ సభ పెడతాం. తెలుగు గొప్పదనం మీద ఉపన్యాసాలు ఉంటాయి. చప్పట్లు కొడతాం, పులిహోర తింటాం. ఒకసారి సభ ముగిశాక ఒక పెద్దాయన తన మనవరాలిని నా దగ్గరికి తెచ్చారు. వేదిక మీద తెలుగు పాట చక్కగా పాడిన పిల్ల. ఆ పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ ఉపన్యాసం ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా మాట ఆ పిల్ల ఇంటిదాకా వెళ్ళలేదు.

ఆ తరవాతి ఆదివారం నుంచి మా ఇంటి వరండాలో అయిదుగురు పిల్లలకు గుణింతం నేర్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. ముప్పై అయిదేళ్ళ వయసులో ఒక తమిళ పెద్దమనిషి ఖ, ఘ దిద్దుకుని తెలుగు పల్లెకు వెళ్ళిన సంగతి వాళ్ళకు చెప్పాను. మొదట నమ్మలేదు. ఈసారి ఢిల్లీ వైపు వెళ్ళేటప్పుడు దోర్నకల్ స్టేషను చూపించమని ఒక పిల్లవాడు వాళ్ళ నాన్నను అడిగాడట. మీరూ ఆ దారిన వెళ్తే మీ పిల్లలకు చూపించండి.